ఉపస్థాత: పక్షవాతరోగి యింటికి వచ్చిన పిమ్మట



మెదడులోని రక్తనాళము మూసికొనుటవలననో, పగులుటవలననో కలుగు పక్షవాతము మన పూర్వు లెరిగిన రోగమే. చరకసంహిత దీనిని పక్షవధమనియు, సుశ్రుతసంహిత పక్షాఘాతమనియు పేర్కొనుచున్నవి. చికిత్సకు వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి యని చరకుడు నాలుగు పాదములు చెప్పెను. ఉపస్థాత యనగా చెంతనుండి పరిచర్య చేయువాడు. అతనికి పరిచర్య యెరుగుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచిత్వము ఉండవలెను. అనురాగము మూడవది, ఎరుక మొదటిది. ఈ వరుసలోని యౌచిత్యమును ఇటీవలి చరిత్ర తేటపరచుచున్నది.

రోగిని ఆసుపత్రినుండి త్వరగా పంపి, శిక్షణను ఇంటనే సాగించు పద్ధతిని ఐరోపాలో పరీక్షించిరి. లండను ఫలితములు 1997లోను, స్టాక్‌హోమువి 1998లోను, నార్వేలోని ట్రాండ్‌హైమువి 2000లోను వెలువడెను. ఇట్టి 17 పరీక్షలలోని 2,422 మంది రోగులను 2017లో కలిపి చూడగా, నూటికి ఐదుగురు అధికముగా స్వతంత్రులై మెలగగలిగిరని తేలెను. వారిలో పెక్కురు స్వల్ప, మధ్యమ వైకల్యము గలవారు. మరియు వారు ఒంటరిగా ఇంటికి పోలేదు. వైద్యులు, దాదులు, అంగవ్యాయామము నేర్పువారు ఒక కూటమిగా వెంట నడచిరి.

అంత కూటమి మన దేశమున దొరకుట యరుదు. ఇంటివారికే నేర్పినచో చాలునా యని 2014-16లో 14 ఆసుపత్రులలో, 1,250 మంది రోగులతో 'అటెండ్' అను పరీక్ష జరిగెను. ఆరునెలల పిమ్మట చూడగా, ఇంటివారు శిక్షణ పొందిన పక్షమునను, వాడుక చికిత్స మాత్రమే జరిగిన పక్షమునను, మరణించినవారును పరాధీనులైనవారును కలిసి నూటికి 47 మంది. 2017లో ఈ ఫలితము ప్రకటింపబడినది.

ఇంటివారి ప్రేమ వ్యర్థమని దీని భావము కాదు. నాలుగు పాదముల భారమును ఒక్క పాదముపై మోపరాదనియే నా తాత్పర్యము.

2016లో పలు జిల్లాలుగా విడిపోయిన మన పూర్వపు కరీంనగర, ఆదిలాబాదు సీమలలో ఆ యొక్క పాదమైనను దృఢముగా నున్నదా? కొడుకు గల్ఫుదేశమున కూలి చేయుచుండును. కోడలు బీడీల చాట ఒడిలో నుంచుకొని ప్రొద్దు గ్రుంకువరకు చుట్టుచుండును. ఉట్నూరు ప్రాంతపు గూడెమునుండి నిపుణుని చెంతకు బోవుటకే ఒక దినము పట్టును. ఇక ముసలివాని చేయి దినమునకు పలుమారులు కదలించువా రెవరు?

కావున ఆసుపత్రి విడువకమునుపే ఇంటివారు కొన్ని పనులు చేసి చూపించుకొని రావలెను. చచ్చుబడిన చేయి పట్టి లాగక రోగిని ప్రక్కకు త్రిప్పుట యెట్లు? మ్రింగగలడని వైద్యుడు చెప్పిన పిమ్మట, కూర్చుండబెట్టి తినిపించుట యెట్లు? లేచి నిలుచుటకు ఆసరా యిచ్చుట యెట్లు? రక్తపుపోటు మందులు ఎట్లు వాడవలెనో, మరల ఎవరు ఎన్నడు పరీక్షింతురో కాగితముపై వ్రాయించుకొనవలెను.

త్వరగా నింటికి పంపుట రోగికి ప్రియమే. శిక్షణ పొందినవాడొకడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునుండి తరచుగా వచ్చి చూచుచుండినచో, అది హితము కూడ నగును.