రాజయ్యలు: పేరు ఒకటే, పిలుపు వేరు

చందుర్తి మండలంలోని ఊళ్లల్లో రాజయ్య, రాజవ్వ, రాజేశం, రాజమల్లు, రాజలింగం అనే పేర్లు ఎక్కువ. కారణం దగ్గర్లోనే ఉన్న వేములవాడ. అక్కడి రాజరాజేశ్వరుడిని జనం రాజన్న అంటారు. సంతానం కోసం మొక్కుకొని, బిడ్డ పుట్టాక కోడెను కట్టి, ఆ దేవుడి పేరే పెట్టుకుంటారు. 2016 అక్టోబరులో కరీంనగర్ నుంచి విడిపోయి ఏర్పడిన జిల్లాకూ రాజన్న పేరే వచ్చింది.

పేరు అన్ని కులాలదీ. పిలుపు మాత్రం అందరికీ ఒకటి కాదు. దొరల కాలంలో గడీ ముందు నిలబడ్డ దళిత రాజయ్య 'రాజిగాడు' అయ్యేవాడు. శూద్రుడి పేరు జుగుప్స కలిగించేలా ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. దేవుడి పేరు పెట్టుకున్నవాళ్లకు ఆ పేరులోని 'అయ్య'ను కోసి ఊరు ఆ పనే చేసింది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన కూలీల పోరాటం కూలి రేటు, భూమి, వెట్టి గురించే కాదు, మర్యాద గురించి కూడా.

ఈ పేరుతో రాష్ట్రానికంతటికీ తెలిసిన నలుగురు వీరు.

కాపు రాజయ్య (1925–2012): సిద్దిపేట చిత్రకారుడు. 'కాపు' ఆయన ఇంటిపేరు. నకాషీ శైలి ప్రభావంతో బోనాలు, బతుకమ్మ, పల్లె జనం బతుకును బొమ్మల్లోకి తెచ్చారు.

సున్నం రాజయ్య: కోయ ఆదివాసీ, సీపీఎం నాయకుడు. ఎస్టీ రిజర్వుడు స్థానమైన భద్రాచలం నుంచి 1999, 2004, 2014లో గెలిచారు. తెలంగాణ తొలి శాసనసభలో ఆ పార్టీకి ఆయనొక్కరే సభ్యుడు. 2014లో ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు ఆయన సొంతూరు కూడా అటే పోయింది. 2020 ఆగస్టులో కరోనాతో మరణించారు.

తాటికొండ రాజయ్య: మాదిగ సామాజికవర్గానికి చెందిన వైద్యుడు. ఎస్సీ రిజర్వుడు స్థానమైన స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యేగా ఉంటూ 2014 జూన్‌లో తెలంగాణ తొలి ఉప ముఖ్యమంత్రుల్లో ఒకరయ్యారు. ఆరోగ్య శాఖ చూశారు. 2015 జనవరిలో మంత్రివర్గం నుంచి తొలగించారు.

సిరిసిల్ల రాజయ్య: 2009లో ఎస్సీ రిజర్వుడు స్థానమైన వరంగల్ నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు వెళ్లారు.

నలుగురిలో ముగ్గురు రిజర్వుడు స్థానాల నుంచి గెలిచినవాళ్లే. ఊరు కోసేసిన 'అయ్య'ను చట్టసభ రికార్డు పూర్తిగా రాసుకోవాల్సి వచ్చింది. అందుకు దారి వేసింది రాజ్యాంగం.

అయితే సభకు వెళ్లని రాజయ్యలే ఎక్కువ. వాళ్ల కోసం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆ కులాలవాళ్లను ఇతరులు నలుగురికీ కనబడే చోట కావాలని అవమానించడం, కులం పేరుతో తిట్టడం దాని కింద నేరాలు. తిట్టు లేకుండానే, తండ్రి వయసు మనిషిని చిన్నపిల్లాడు 'రాజిగా' అని పిలిస్తే మాత్రం చాలాసార్లు అది కేసు దాకా రాదు. ఊరు దాన్ని అలవాటు అంటుంది. పిలిపించుకున్న మనిషికి మాత్రం అది ప్రతిరోజూ తగిలే దెబ్బ.