పన్నెండో ప్రశ్న: తెలుగులో కామెర్ల సమాచారాన్ని తూచడం

నేలవుసిరి మొక్కను వేళ్లతో సహా నూరి, మజ్జిగలో కలిపి, మూడు రోజులు పరగడుపున తాగితే కామెర్లు దిగిపోతాయి. తెలుగునాట ఈ మాట వినని ఇల్లు అరుదు. ఒకప్పుడు వాకిట్లో పెద్దవాళ్లు చెప్పిన మాటే ఇప్పుడు ఫోన్ తెర మీద, శాస్త్రవేత్తలు తేల్చారన్న ముక్క కూడా తగిలించుకుని కనిపిస్తోంది. రోగి ఇంటివాళ్లు ఇలాంటి పేజీని దేంతో తూచాలి? పరిశోధకులు తయారు చేసిన కొలబద్దలు ఇక్కడ ఎంతవరకు పనికొస్తాయి? ఈ వ్యాసం పరిశీలించేది అది.

కొలబద్దలకు కొదవేమీ లేదు. 1997లో జామా పత్రికలో సిల్బర్గ్, లుండ్‌బర్గ్, ముసాచియో నాలుగు లక్షణాలు చూడమన్నారు: రాసిందెవరు, ఆధారమేమిటి, డబ్బు ఎవరిది, తేదీ ఎప్పటిది. జెనీవా కేంద్రంగా నడిచిన హెల్త్ ఆన్ ద నెట్ సంస్థ ఎనిమిది సూత్రాలు పాటించిన సైట్లకు ముద్ర వేసేది. 2022లో ఆ సంస్థే మూతపడింది. 2002లో ఐసన్‌బాక్ బృందం అప్పటిదాకా వచ్చిన 79 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, నాణ్యత సమస్యగానే ఉందని 55 అధ్యయనాలు తేల్చాయి. వీటన్నిటిలో నాకు ఎక్కువ ఉపయోగపడింది 1999లో డెబొరా చార్నాక్ బృందం వెలువరించిన డిసర్న్. చికిత్సల గురించి రాసిన సమాచారాన్ని 16 ప్రశ్నలతో పరీక్షించి, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసే సాధనం ఇది.

ముందు జామా నాలుగు లక్షణాలనే నేలవుసిరి మీద పెట్టి చూద్దాం. 1988లో లాన్సెట్ పత్రికలో మద్రాసుకు చెందిన త్యాగరాజన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. హెపటైటిస్ బి వైరస్‌ను ఒంట్లో మోస్తున్నవారికి 30 రోజులు నేలవుసిరి పొడి ఇస్తే, 37 మందిలో 22 మంది రక్తంలో ఆ వైరస్ పైపొర యాంటిజెన్ కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఆ బృందంలో నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ కూడా ఉన్నారు. తరవాత వేరే చోట్ల జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. అలాంటి పరీక్షలను కలిపి తూచిన 2011 నాటి కోక్రేన్ సమీక్షకూ నమ్మదగ్గ ఆధారం దొరకలేదు. ఇప్పుడొక పేజీ 1988 దగ్గరే ఆగిపోయిందనుకోండి. వైద్యుడి పేరు రాసి, లాన్సెట్‌ను చూపించి, డబ్బు ఎవరిదో చెప్పి, నిన్నటి తేదీ వేసింది. ఒక్క అబద్ధమూ ఆడలేదు. పైన చెప్పిన లక్షణాలన్నీ దాటేస్తుంది. మూల పరిశోధన కామెర్లతో పడకేసినవాళ్ల మీద జరిగింది కాదనీ, హెపటైటిస్ బి వాహకుల మీద జరిగిందనీ ఏ ముద్రా పట్టుకోదు.

ఈ అనుమానం నా ఒక్కడిదే కాదు. 2002లో కున్స్ట్ బృందం ఐదు సాధారణ ఆరోగ్య విషయాల మీద సైట్లను పరిశీలించి, నమ్మకం కలిగించే పైగుర్తులకూ లోపలి సమాచారం సరిగ్గా ఉండటానికీ సంబంధం అంతంత మాత్రమేనని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది. పైగా ఆ పైగుర్తులను చదివేవాళ్లు చూడనైనా చూడరు. అదే ఏడాది ఐసన్‌బాక్, కోలర్ 17 మంది వెతికే తీరును గమనించారు. సైటు నడిపేదెవరో చెప్పే పేజీని వాళ్లలో ఒక్కరూ తెరవలేదు.

డిసర్న్‌లో పన్నెండో ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చికిత్స ఏదీ చేయకపోతే ఏమవుతుందో ఈ సమాచారం చెబుతోందా? కామెర్ల విషయంలో అసలు కీలకం ఇదే. కలుషితమైన నీటి నుంచో తిండి నుంచో వచ్చే హెపటైటిస్ ఎ కి ప్రత్యేకమైన మందు లేదు. దాదాపు అందరికీ కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. పసరు తాగినా తగ్గుతుంది, తాగకపోయినా తగ్గుతుంది. తగ్గాక పేరు మాత్రం పసరుకే వస్తుంది. పసరు ఇచ్చే వైద్యుడు మోసగాడు కానక్కర్లేదు. తన కళ్లముందు కోలుకున్నవాళ్లను చూసే ఆయనా నమ్ముతున్నాడు. ఆ నమ్మకాన్ని తాకగలిగింది, నాకు కనిపించినంతలో, ఈ ఒక్క ప్రశ్నే.

అది కూడా సగం దూరమే తీసుకెళుతుంది. మిగతా సగం మన భాషలో ఉంది. కామెర్లు అనేది లక్షణం. తెలుగు శీర్షికల్లో అది జబ్బు పేరుగా చలామణీ అవుతోంది. కళ్లు పచ్చబడటం వైరస్ వల్ల కావచ్చు, పిత్తనాళంలో రాయి అడ్డుపడి కావచ్చు, మద్యం వల్ల కావచ్చు, వేసుకున్న మాత్రల వల్ల కావచ్చు. ఇన్నిటికీ ఒకే పేరు, ఒకే పసరు, ఒకే పథ్యం. ఈ కారణాల మధ్య గీతలు పేజీ గీసిందో లేదో విడిగా అడిగే ప్రశ్న డిసర్న్‌లో లేదు.

చదవడానికి తేలికో కాదో కొలిచే సూత్రాలదీ అదే తీరు. 1948 నాటి ఫ్లెష్ సూత్రం వాక్యంలో మాటలను, మాటలో అక్షరాలను లెక్కిస్తుంది. "చేయించుకోవాల్సివస్తుంది" అన్న మాటలో తొమ్మిది అక్షరాలున్నాయి. బడి మొహం చూడని అమ్మమ్మకు కూడా తెలుస్తుంది. "యకృత్తు"లో మూడే, డిగ్రీ చదివినవాళ్లూ తడుముకుంటారు. అక్షరాలు లెక్కపెట్టే సూత్రం మొదటిదాన్ని కష్టమనీ రెండోదాన్ని తేలికనీ అంటుంది. లివర్ అని రాస్తే ఇద్దరికీ అర్థమయ్యేది.

కాబట్టి కామెర్ల మీద తెలుగు పేజీ చూసేటప్పుడు పన్నెండో ప్రశ్నకు తోడు నేను మరికొన్ని అడుగుతున్నాను. పుట్టిన 24 గంటల్లోపే బిడ్డ పచ్చబడితే ఎండలో పెట్టి ఊరుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పిందా? నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ సోకితే ప్రాణం మీదికి వస్తుందని చెప్పిందా? చివరి మూడు నెలల్లో అది సోకినవారిలో మరణాలు 20 నుంచి 25 శాతం దాకా ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కామెర్లున్న మనిషి మాట తడబడుతూ, మగతగా పడి ఉంటే రాత్రయినా సరే బయల్దేరమని చెప్పిందా? ఈ మూడింటిలో ఒక్కటీ లేని పేజీకి, వైద్యుడి పేరూ తేదీ ఎంత పద్ధతిగా ఉన్నా, ఐదుకు ఒకటికి మించి నేను వేయలేను.