లెక్క రాసినవాళ్ల పేరుంది, దారి చూపినవాళ్ల పేరేది?

పోటీ పరీక్షలకు చదివే మనలో చాలామందికి కలివికోడి అంటే ఒక బిట్ ప్రశ్న. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దేనికి ప్రసిద్ధి? టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాం. ఆ బిట్ వెనకాల ఉన్న చరిత్ర మనకు ఎవరూ చెప్పలేదు. ఈరోజు అది మాట్లాడుకుందాం.

జెర్డాన్ అనే ఆయన మద్రాసు సైన్యంలో డాక్టరు. ఆయన చూసిన ఈ పిట్ట 1848లో శాస్త్రలోకానికి తెలిసింది, ఆయన పేరే దానికి పడింది. 1900 తర్వాత ఏ పరిశోధకుడికీ కనపడకపోయేసరికి అంతరించిపోయిందని అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో మళ్లీ దొరికింది. వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్. అది రాత్రిపూట తిరిగే పిట్ట. పగలు ఎంత వెతికినా ఏం లాభం? ఆయన ఊళ్లోవాళ్లను అడిగారు. చివరికి రాత్రి టార్చి లైటుతో అడవికెళ్లే ఒక స్థానిక వేటగాడి చేతికే అది చిక్కింది. 86 ఏళ్లు పుస్తకాల్లో లేని పిట్టకు అక్కడి జనం నోట్లో పేరుంది: కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి. పేరుందంటే చూస్తున్న కళ్లు ఉన్నట్టే కదా!

ఇంకో సంగతి. నీలంగా మెరిసే ఒక సాలీడుకి గుత్తి పేరు పెట్టారు. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిందని. అక్కడికి కలపతో పాటే వచ్చి ఉంటుంది. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవి అని 2001లో గానీ తేలలేదు. అడవి ప్రాణికి రైల్వే యార్డు అడ్రసు రాస్తే దిద్దడానికి వందేళ్లు పట్టింది.

1929-30 ప్రాంతంలో వెర్నే సర్వే మన తూర్పు కనుమల్లో జరిగింది. పిట్టల్ని కొట్టి, తోళ్లు తీసి మ్యూజియాలకు పంపడమే ఆ రోజుల్లో సర్వే. తర్వాత పులుల లెక్క వచ్చింది. 1972లో అడుగుజాడలు చూసి దేశం మొత్తం 1,827 అన్నారు. 2006లో కెమెరాలు పెట్టి లెక్కేస్తే 1,411 అని తేలింది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో బేస్ క్యాంపుల్లో కాపలా కాస్తున్నవాళ్లలో మన చెంచులు ఉన్నారు. జాడ పట్టే కన్ను మనది, రిపోర్టు మీద సంతకం ఇంకొకరిది.

పేరు కోసమే ఈ బాధ అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం ఏం చెప్తుందో చూడండి. వన్యప్రాణుల కోసమని మనల్ని ఊరు కదిలించాలంటే, మనం ఉండటం వల్ల వాటికి తీరని నష్టం జరుగుతోందని, కలిసి బతకడం కుదరదని తేల్చాలి. గ్రామసభ ఒప్పుకోవాలి. మరి ఆ తేల్చడం దేన్ని బట్టి? సర్వేని బట్టే. సర్వే మనకు అర్థం కాకపోతే, గ్రామసభలో మనం ఒప్పుకునేది ఏమిటో మనకే తెలియదు. పెంటల్లో, గూడేల్లో మన పెద్దోళ్లు వేలిముద్ర వేసే కాగితం అది.

మన చేతిలో ఒక దారి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు ఉందా? ఉంటే ఎవరు రాశారు? తాత, అమ్మమ్మ చెప్పిన పేర్లు అందులో ఉన్నాయా?

బోటనీ, జువాలజీ, ఫారెస్ట్రీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లండి. పిట్ట పేరు మన భాషలో రాయండి. ఎక్కడ, ఏ నెలలో కనపడిందో రాయండి. చెప్పిన పెద్దాయనను అడిగి, ఒప్పుకుంటే ఆయన పేరు కూడా రాయండి. ఇన్నాళ్లూ రాయకుండా వదిలేసింది అదే.