పాత మీటలు, కొత్త యంత్రములు

రాజుల యుద్ధములును, వంశముల వృత్తాంతములును మాత్రమే చరిత్ర కాదు. మనుష్యుడు వ్రాతకై చేపట్టిన పనిముట్లకును ఒక చరిత్ర కలదు. తాటియాకుపై గంటము నడచిన కాలమునుండి నేటివరకు తెలుగక్షరము ఎన్నో సాధనములను మార్చినది. గంటము పోయి కలము వచ్చినది. కలమునకు తోడుగా సీసపు అచ్చులు వచ్చినవి. పిమ్మట టైపు మిషను, ఆపైని కంప్యూటరు వచ్చినవి. సాధనము మారినప్పుడెల్ల ఒక ప్రశ్న పుట్టును. పాతదానితో అలవడిన చేతినేర్పును, పాతదానిలో దాచుకొన్న వ్రాతయును ఏమి కావలెను? మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఈ ప్రశ్ననే విషయముగా గైకొంటిని. పాత కంప్యూటరు మీటల పలకను కొత్త యంత్రమునకు తగిలించు విధము దీనికి చక్కని ఉదాహరణము.

ముందుగా మీటల పలక పుట్టుకను చెప్పెదను. అమెరికా దేశస్థుడగు క్రిస్టఫర్ షోల్స్ మిత్రులతో కూడి 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందెను. 1874లో రెమింగ్టన్ కంపెనీ దానిని అంగడికి తెచ్చెను. క్యు, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై అని సాగు ఆనాటి వరుసయే స్వల్ప భేదములతో నేటి కంప్యూటరు పలకపై నున్నది. మన దేశమున 1955లో గోద్రెజ్ సంస్థ స్వదేశీ టైపు మిషనును తయారుచేసెను. 1966లో అధికార భాషా చట్టము వచ్చిన పిమ్మట కచేరీలలో తెలుగు టైపు మిషనులకు పని పెరిగెను. శ్రీకాకుళము, విజయనగరము మొదలగు పట్టణముల టైపు ఇన్‌స్టిట్యూట్లలో యువతీ యువకులు లోయరు, హయ్యరు పరీక్షలకై గంటల తరబడి సాధనచేసిరి. కన్ను కాగితముపై నుండగా వ్రేళ్ళు తమంత తాము మీటలను వెదకికొనుట ఒక విద్య. దానితో అనేక కుటుంబములు జీవించినవి.

ఇక కంప్యూటరు మాట. 1981 డిసెంబరులో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి పట్టణపు ఎకార్న్ సంస్థ బి.బి.సి. మైక్రో అను చిన్న కంప్యూటరును వెలువరించెను. ప్రజలకు కంప్యూటరు విద్య గఱపుటకు బి.బి.సి. ప్రసార సంస్థ తలపెట్టిన కార్యక్రమమునకై అది పుట్టినది. ఇంటిలోని టెలివిజనుకే తగిలించి వాడుకొనవచ్చును. దాని ‘బి’ నమూనాలో జ్ఞాపక స్థానము 32 కిలోబైట్లు మాత్రమే. 1984లో భారత ప్రభుత్వము ‘క్లాస్’ అను పథకమును ప్రారంభించి, ఈ యంత్రములనే తొలుత సుమారు 250 పాఠశాలలకు ఇచ్చెను. చండీగఢ్‌ చేరువనున్న సెమీకండక్టర్ కాంప్లెక్సు వీనిని మన దేశముననే తయారుచేసినది కూడ. ఆ తరమున బడిపిల్లలు పలువురు మొదట తాకిన కంప్యూటరు మీటలు ఇవియే.

కాలక్రమమున ఆ యంత్రములు మూలబడినవి. వాని విద్యుత్తు పెట్టెలోని కెపాసిటర్లు కాలి పొగచిమ్ముట పేరుమోసిన జబ్బు. అయినను మీటల పలక గట్టిది. లోపలి యంత్రము చెడినను మీటలు మాత్రము చక్కగా పనిచేయునవి అనేకములు కలవు. అట్టివానిని పాత ఇనుము క్రింద తూచివేయుటయా, లేక నేటి కంప్యూటరుకు తగిలించి వ్రాసికొనుటయా? రెండవది సాధ్యమే. అది ఎట్లు సాధ్యమో తెలిసికొనవలెనన్న మొదట ఒక రహస్యము గ్రహింపవలెను.

మీటకు అక్షరము తెలియదు. ‘కె’ అని దానిపై అచ్చువేసినది మన కంటికొఱకే. మీటకు తెలిసినది తన చోటు మాత్రమే. బి.బి.సి. పలకలో 8 అడ్డు వరుసలు, 10 నిలువు వరుసలు, వెరసి 80 గళ్ళు కలవు. ప్రతి మీటయు ఒక గడి. గ్రామ లెక్కలు వ్రాయువానికి ఇది పరాయి సంగతి కాదు. పొలమునకు తన యజమాని ఎవడో తెలియదు. దానికున్నది నంబరు మాత్రమే. ఆ నంబరు ఎదుట ఎవరి పేరున్నదో చెప్పునది అడంగలు. అట్లే గడి నంబరు ఎదుట ఏ అక్షరమున్నదో చెప్పునది కంప్యూటరు లోపలి పట్టిక.

ఆ పలకనుండి లోపలి యంత్రమునకు ఒక పట్టీతీగ పోవును. అందు ఎనిమిది తీగలు ముఖ్యమైనవి. నాలుగు తీగలు నిలువు వరుస నంబరును, మూడు తీగలు అడ్డు వరుస నంబరును పలకకు చెప్పును. ఎనిమిదవ తీగ, ఆ గడిలోని మీట నొక్కబడి యున్నదా లేదా అని బదులు చెప్పును. ఏడు తీగలది ప్రశ్న, ఒక తీగది జవాబు. ఈ ప్రశ్నను ఎవరడిగినను పలక జవాబు చెప్పును. కావున చచ్చిన పాత యంత్రమునకు బదులు అరచేతిలో ఇమిడెడు ఒక చిన్న పలకను, ఆర్డుయినో లియొనార్డో వంటిదానిని, ఆ తీగలకు కలుపుదురు. అది ఒక్కొక్క గడినే విసుగులేక అడుగుచు, నొక్కిన మీటను కనిపెట్టి, యు.ఎస్.బి. తీగ ద్వారమున కొత్త కంప్యూటరుకు తెలుపును. 1996లో వచ్చిన యు.ఎస్.బి. పద్ధతిలోను మీటలకు నంబర్లే కలవు. ఎ అను మీటకు 4, బి మీటకు 5, ఆ వరుసనే కె మీటకు 14.

ఈ నడిమి పలక చేయు పనికి మన సారస్వతములో ఉపమానము లేకపోలేదు. నన్నయ భట్టారకుడు అరణ్యపర్వమును నడుమ విడిచెను. తిక్కన విరాటపర్వమునుండి ఆరంభించెను. మిగిలిన భాగమును ఎఱ్ఱాప్రగ్గడ నన్నయ ఫణితితో మొదలిడి, క్రమముగా తిక్కన శైలిలోనికి నడిపించి, రాజరాజనరేంద్రునికే అంకితముగా పూరించెను. ఇటు పాతదానికిని, అటు కొత్తదానికిని వెలితి కలుగకుండ నడుమ నిలుచుటయే ఆ పని.

అయితే నడుమ నిలుచువానికి ఉభయపక్షముల పద్ధతులును తెలియవలెను. బి.బి.సి. పలకపై షిఫ్టుతో 2 నొక్కిన జంట కొటేషను గుర్తు వచ్చును; నేడు మనము వాడు అమెరికా పద్ధతి పలకపై ‘ఎట్’ గుర్తు వచ్చును. పాతదానిలో ఆల్ట్ మీట లేదు. బ్రేక్ అను మీట 80 గళ్ళలో చేరక యంత్రమును మొదటికి తెచ్చు తీగకే సూటిగా తగిలియుండును. దానిని వేఱుగా చూచికొనవలెను. విద్యుత్తు సంగతియు అట్లే. పాత పలక 5 వోల్టులది. రాస్ప్‌బెర్రీ పై పికో వంటి కొత్త పలకలు 3.3 వోల్టులవి. నడుమ వోల్టేజి తగ్గించు ఏర్పాటు లేక సూటిగా కలిపిన కొత్తది చెడవచ్చును. ఇవి యన్నియు ముందే తెలిసి పట్టికలో వ్రాసికొన్న నాడు పాత మీట కొత్త యంత్రమున నిశ్చింతగా పనిచేయును.

ఇప్పుడు మన తెలుగు సంగతికి వత్తము. 1986లో కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికను భారతీయ భాషలన్నిటికి కలిపి నిర్ణయించెను. అందు అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వచ్చును. కె మీటపై క, షిఫ్టుతో ఖ. ‘పత్రము’ అని వ్రాయుటకు ప, త, పొల్లు, ర, మ, ఉత్వము అని ఆరు మీటలు చాలును. 1991లో యూనికోడు వచ్చి తెలుగునకు 128 స్థానములు కేటాయించెను. అందు ‘క’కు 3093వ నంబరు. పై సంగతులన్నియు కూడ ఒక చిన్న లెక్క తేలును. వరుసలను సున్నతో మొదలిడి లెక్కింపగా, బి.బి.సి. పలకపై కె మీట అడ్డు 4, నిలువు 6 గడిలో నున్నది. నడిమి పలక దానిని 14గా మార్చును. ఇన్‌స్క్రిప్టు దానిని 3093గా చదువును. తెరపై ‘క’ కనబడును. తెలుగు ఎఱుగని 1981 నాటి మీట నేడు తెలుగు వ్రాయుచున్నది! మీట మారలేదు, మారినవి పట్టికలు మాత్రమే.

ఈ పట్టికల విలువ మన జిల్లాల రైతులకు తెలియనిది కాదు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము పిమ్మట విజయనగరము మొదలగు జమీందారీ గ్రామములలో పాత పైమాషీ నంబర్లు పోయి సర్వే నంబర్లు వచ్చినవి. 2020లో మొదలైన రీసర్వే ముగిసిన గ్రామములలో ఎల్.పి. నంబర్లు వచ్చినవి. పాత దస్తావేజు పెట్టెలో భద్రముగా నున్నను, పాత నంబరు నేటి ఏ నంబరో చూపు పట్టిక లేనిచో అది ఏ పొలమునకు చెందినదో తేల్చుట కష్టము. భూమి ఎక్కడికిని పోదు. పోవునది దాని ఆచూకీ.

వ్రాతకును ఇదియే ప్రమాదము. యూనికోడు వాడుకకు ముందు మన డి.టి.పి. కేంద్రములలో అనూ, శ్రీలిపి వంటి ఫాంట్లలో ఎన్నో తెలుగు గ్రంథములు, కరపత్రములు, ఊరి సంచికలు కూర్చబడినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వానిని తెరచిన పొంతనలేని ఇంగ్లీషు అక్షరములు, వింత గుర్తులు కనబడును. వ్రాత చెడలేదు, పట్టిక తప్పినది. పొంతన పట్టిక దొరికినచో నేటి తెలుగులోనికి మార్చు సాధనములు కలవు. దొరకనిచో చేతిలో నున్న పుస్తకమే మనకు మూగది.

శ్రీముఖలింగ దేవాలయ శాసనములు చూడుడు. అవి రాతిమీద నిలిచియున్నను, లిపి మారినందున సామాన్యులకు అందకపోయెను. శ్రీకాకుళమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ శాసనముల లిపిని స్వయంకృషిచే నేర్చి చదివిరి. వ్యావహారికమునకై పోరాడిన ఆ మహనీయుని పేరు ఈ గ్రాంథికములో తలచుట వింతయే గాని, పాత అక్షరమునకు కొత్త కన్ను తగిలించిన వారిలో ఆయనను మఱచుట తగదు. రాతికి వందల యేండ్లు ఓపిక కలదు. కంప్యూటరు వ్రాతకు అంత ఓపిక లేదు. దానిని దాచిన డిస్కు కొన్ని యేండ్లకే చెడిపోవును.

కనుక మన గ్రంథాలయ సభ్యులకు నా విన్నపము. ఇంట మూలబడిన పాత కంప్యూటరును, డిస్కులను తూకమునకు వేయుటకు ముందు అందేమున్నదో చూడుడు. గ్రంథాలయమునకు చేరిన ప్రతి కంప్యూటరు వ్రాతతో పాటు అది ఏ ఫాంటులో, ఏ మీటల అమరికతో, ఏ సాధనముతో కూర్చినదో ఒక కాగితముపై వ్రాసి జతపఱచుడు. ఈ రజతోత్సవ సంచిక ప్రతియే యూనికోడులో నొకటి, అచ్చులో నొకటి భద్రపఱచుట మంచి ఆరంభము. ఖర్చు స్వల్పము, శ్రమ స్వల్పము. రేపటి పిల్లలు కొత్త యంత్రముల ముందు కూర్చుండి మన మాటలను చదువగలుగుదురా లేదా యనునది నేడు మనము వ్రాసి ఉంచెడి ఆ ఒక్క కాగితముపై ఆధారపడి యున్నది.