ముసలి చెట్టుకి పసితనం

ఏ చెట్టు మంచిదో తెలియాలంటే అది పెరిగి పెద్దదవ్వాలి. యూకలిప్టస్‌తో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. లేత మొక్క నుంచి తుంచి నాటిన రెమ్మ వేళ్లు తొడుగుతుంది, కానీ అది ముందుముందు ఎలాంటి మానవుతుందో అప్పటికి ఎవరికీ తెలీదు. కొన్నేళ్లు పోయాక, చుట్టూ ఉన్నవాటిని దాటి నిటారుగా సాగిన చెట్టు ఒకటి కంటపడుతుంది. ఈలోగా దాని కొమ్మలు వేరు పట్టడం మర్చిపోయి ఉంటాయి. పోనీ విత్తనాలు ఏరి చల్లుదామా అంటే, పుప్పొడి ఏ చెట్టు నుంచి వచ్చిందో తెలీదు. పిల్లలు తల్లి పోలికతోనే పుట్టాలని రూలేమీ లేదు.

టిష్యూ కల్చర్ చరిత్రని మనం మామూలుగా గాజు సీసాల విజయగాథలా చదువుతాం. యూకలిప్టస్ వైపు నుంచి చదివితే నాకది వయసు గురించిన కథలా కనిపిస్తుంది.

మన ఊళ్లలో జామాయిల్ అనీ, నీలగిరి చెట్టు అనీ పిలుచుకునే ఈ చెట్టు ఆస్ట్రేలియాది. 1777లో కెప్టెన్ కుక్ మూడో యాత్రలో టాస్మేనియా దగ్గర సేకరించిన నమూనాని చూసి, 1788లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు లెరిటియే దానికి యూకలిప్టస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో ఆ మాటకి 'బాగా కప్పబడినది' అని అర్థం. మొగ్గ మీద మూతలాంటిది ఉంటుంది కాబట్టి ఆ పేరు. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ బెంగళూరు దగ్గర నంది కొండల మీద ఈ చెట్లు నాటించాడు. దేశమంతా పాకిన 'మైసూర్ గమ్' ఆ కొండల నుంచి దిగిన సంతతే. అందులో ఒకటికి మించిన జాతుల కలయిక ఉందని కూడా అంటారు. అందుకే విత్తనాలతో వేసిన పాత జామాయిల్ తోటలో ఏ రెండు చెట్లూ ఒక్కలా ఉండేవి కావు.

ఒక్క కణం నుంచి మొత్తం మొక్కని మళ్లీ పెంచొచ్చన్న ఊహని 1902లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు హేబర్లాంట్ రాతలో పెట్టాడు. ఆయన పోషక ద్రవంలో ఉంచిన ఆకు కణాలు వారాల తరబడి బతికాయి గానీ ఒక్కటీ విభజన చెందలేదు. ఆ ఊహ నిజం కావడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది. 1955లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్కూగ్, మిల్లర్ బృందం హెరింగ్ చేప వీర్యం తాలూకు డీఎన్ఏ నుంచి కైనెటిన్ అనే పదార్థాన్ని వేరు చేసింది. పొగాకు కణజాలానికి దాన్ని ఎక్కువగా, ఆక్సిన్‌ని తక్కువగా ఇస్తే చిగుళ్లు వస్తాయని, పాళ్లు తిరగేస్తే వేళ్లు వస్తాయని 1957లో చూపించారు. 1958లో స్టీవార్డ్ క్యారెట్ కణాల నుంచి మొక్కని తెప్పించాడు. 1962లో మురషిగే, స్కూగ్ ప్రకటించిన పోషక మిశ్రమం ఈనాటికీ ల్యాబుల్లో నడుస్తోంది.

అయితే పొగాకు, క్యారెట్ ఏడాది రెండేళ్ల మొక్కలు. చెట్టు అంత తేలిగ్గా లొంగదు. యూకలిప్టస్ ముక్క కోసి సీసాలో పెడితే దాని నుంచి ఊరే ఫీనాలిక్ పదార్థాలు చుట్టూ ఉన్న జెల్లీని గోధుమరంగుకి తిప్పేస్తాయి. ముక్క తన రసంతో తానే చస్తుంది. ఇంకో పక్క, ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడిన చెట్టు కాబట్టి శిలీంధ్రాలు, బాక్టీరియా ఎలాగూ వెంట వస్తాయి.

మన దేశంలో 1969లో ఆనేజా, అటల్ అనే ఇద్దరు నిమ్మవాసన యూకలిప్టస్ మీద పనిచేసి, దాని లిగ్నోట్యూబర్ నుంచి మొక్కల్ని రప్పించారు. లిగ్నోట్యూబర్ అంటే కాండం మొదట్లో ఉండే బుడిపె. ఆస్ట్రేలియా అడవుల్లో కార్చిచ్చు వచ్చి పైనున్నదంతా కాలిపోయినా, చెట్టు మళ్లీ చిగురించేది ఆ బుడిపెలో దాగిన మొగ్గల నుంచే. చెట్టు తన పసితనాన్ని దాచుకునే చోటు అదన్నమాట. 1981లో పుణె నేషనల్ కెమికల్ లేబరేటరీకి చెందిన గుప్తా, మస్కరేనస్, జగన్నాథన్ ఇంకో మెట్టు ఎక్కారు. అదే జాతిలో బాగా ఎదిగిన చెట్ల మొగ్గల నుంచి సీసాల్లో మొక్కలు తయారుచేశారు. ఈ పద్ధతిలో చిగుళ్లని ఒక సీసా నుంచి ఇంకో సీసాకి పదేపదే మారుస్తూ పోతారు. అలా మార్చగా మార్చగా ముసలి చెట్టు కణజాలం వయసు మర్చిపోయి, మళ్లీ వేరు పట్టడం మొదలుపెడుతుంది.

విచిత్రం ఏంటంటే, మన పొలాల దాకా వచ్చింది మాత్రం ఆ సీసా కాదు. 1989లో గోదావరి ఒడ్డున సారపాకలో, ఐటీసీ భద్రాచలం కాగితపు మిల్లు కోసం ప్యారే లాల్ నాయకత్వంలో క్లోన్ల పని మొదలైంది. వాళ్లు పట్టుకున్న దారి సాదాసీదాది. ఎంచుకున్న చెట్టుని నరికేస్తారు. మొద్దు నుంచి పిలకలొస్తాయి. పిలకలు పసివి కాబట్టి హార్మోను పొడి అద్ది, తుంపర్ల గదిలో ఉంచితే వేరు పడతాయి. అంటే కార్చిచ్చు చేసే పనిని గొడ్డలి చేసిందన్నమాట. ల్యాబు ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చవక. ఖమ్మం వైపు ఇప్పుడు వరసకట్టి, ఒకే ఎత్తున, ఒకే లావున కనిపించే జామాయిల్ తోటలకి మూలం ఈ పనే.

ప్రోగ్రాములు రాసే నాబోటివాడికి కాపీ అంటే ఖర్చూ, అనుమానమూ లేని పని. చెట్టుని కాపీ చేయడం వెనక ఒక ఎంపిక ఉంది. 'మంచి చెట్టు' అన్నప్పుడు ఎవరికి మంచిది? మిల్లుకి కావలసింది త్వరగా పెరిగే, నిటారుగా ఉండే, గుజ్జు ఎక్కువిచ్చే చెట్టు. నీళ్లు ఎంత తాగుతుంది, కింద గడ్డి మొలుస్తుందా, పక్క చేను సంగతేంటి అన్నవి ఆ లెక్కలో అడుగున పడిపోతాయి. 1983లో కర్ణాటకలో రైతు సంఘం వాళ్లు అటవీశాఖ నర్సరీలో యూకలిప్టస్ మొక్కలు పీకేసి, చింత, మామిడి నాటింది ఆ అడుగున పడ్డవాటి కోసమే. 2017లో అదే కర్ణాటక ప్రభుత్వం ఈ చెట్టు నాటడాన్ని నిషేధించింది. రైతు మాత్రం ధర చూసి వేస్తాడు, అతన్ని తప్పుపట్టలేం. కూలీల కొరత ఉన్నచోట, వాన నమ్మకం లేనిచోట, నాలుగేళ్లకోసారి నరికి అమ్ముకునే పంట అతనికి భరోసా.

ఇక 2000 తర్వాత మిల్లీమీటరు పైచిలుకు పొడవుండే ఒక కందిరీగ జాతి పురుగు వచ్చింది. దాని శాస్త్రీయ నామం లెప్టోసైబ్ ఇన్వేసా. లేత చిగుళ్లలో, ఆకు ఈనెల్లో గుడ్లు పెట్టి బొడిపెలు తెప్పిస్తుంది. చెట్టు ఎదుగుదల ఆగిపోతుంది. చాలా దేశాల్లో ఈ పురుగుల్లో దాదాపు అన్నీ ఆడవే. మగ తోడు లేకుండానే తమలాంటి ఆడపిల్లల్ని కంటాయి. పసితనం తిరిగిచ్చి పెంచిన చెట్టుని, లేతదనం మాత్రమే కోరుకునే పురుగు పట్టింది. కొన్ని క్లోన్లు తట్టుకున్నాయి, కొన్ని పడిపోయాయి. ఒకే క్లోను వేసిన తోటకి మధ్యేమార్గం లేదు. ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది.

తట్టుకునే కొత్త క్లోను కావాలంటే సీసా ఇవ్వలేదు, మొద్దూ ఇవ్వలేదు. అవి ఉన్నదాన్నే తిరిగిస్తాయి. దానికోసం మళ్లీ పువ్వుల దగ్గరికే వెళ్లాలి. రెండు చెట్లని కలిపి, ఒకదానికొకటి పోలికలేని వందల విత్తనాలు మొలిపించి, అవి పెద్దయ్యేదాకా ఏళ్ల తరబడి ఆగి చూడాలి. ఆ ఆగడాన్ని తగ్గించే మార్గం ఇంకా ఏ సీసాలోనూ దొరకలేదు.