నిరాశ కొండ

మెల్‌బోర్న్‌కి ఉత్తరాన దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో మౌంట్ డిసపాయింట్‌మెంట్ ఉంది. నిరాశ కొండ. ఎత్తు సుమారు 800 మీటర్లు. ఆ పేరు చెప్తే హైదరాబాద్ పక్క నార్సింగిలో మావాళ్లు ‘అక్కడ ఎవరైనా పోయారా?’ అని అడుగుతారు. ఎవరూ పోలేదు, చెట్లు అడ్డొచ్చాయి.

1824లో హామిల్టన్ హ్యూమ్, విలియం హోవెల్ అనే ఇద్దరు సిడ్నీ వైపు నుంచి దక్షిణ సముద్రానికి దారి వెతుకుతూ వచ్చారు. ఈ కొండెక్కితే నీళ్లు కనబడతాయని ఆశపడ్డారు. అడవి దట్టంగా ఉండి ఏమీ కనబడలేదు. దిగి, వేరే దారిన పోయి, డిసెంబరులో జీలాంగ్ దగ్గర తీరం చేరారు. అదే వెస్టర్న్ పోర్ట్ అని హోవెల్ పొరబడ్డాడు. అతని లెక్క నమ్మి 1826లో ప్రభుత్వం అసలు వెస్టర్న్ పోర్ట్‌కి జనాన్ని పంపింది. అతను మెచ్చుకున్న నేల అక్కడ లేదు. 1828లో ఖాళీ చేశారు.

అడ్డొచ్చిన ఆ చెట్లు మాత్రం చూడదగ్గవి. మన నీలగిరి జాతివే. తల పూర్తిగా వెనక్కి వాల్చినా కొస అందదు, బెరడు పొడుగాటి పేలికలై వేలాడుతుంటుంది. 2009 కార్చిచ్చు తర్వాత లేచిన మొక్కలు జొన్నచేనంత ఒత్తుగా పెరిగాయి. వీటి మధ్య నిలబడితే ఆ పేరు మీద కోపం వస్తుంది. దారినపోయేవాడికి ఆ పూట కలిగిన విసుగును కొండ 200 ఏళ్లుగా మోస్తోంది.

ఈ దేశంలో అలాంటివి చాలా ఉన్నాయి. 1770లో ఇంగ్లీషు నావికుడు కుక్ ఓడ పగడపు దిబ్బకు తగిలితే, ఆ దగ్గరి కొనకు కేప్ ట్రిబ్యులేషన్ అని పేరు పెట్టాడు. 1840లో ఎడ్వర్డ్ ఎయిర్ ఒక గుట్టెక్కి, ఎటు చూసినా ఉప్పు సరస్సులే కనబడేసరికి దాన్ని మౌంట్ హోప్‌లెస్ అన్నాడు. పశ్చిమ ఎడారిలో 1897లో ఫ్రాంక్ హాన్, లోపలికి పారే వాగుల వెంట మంచినీళ్ల కోసం పోయి ఉప్పు సరస్సు చూశాడు. అది లేక్ డిసపాయింట్‌మెంట్ అయింది.

అక్కడి మార్తు ప్రజలకు అది కుంపుపింటిల్. దాని అడుగున మనుషుల్ని తినేవాళ్లు ఉంటారని వాళ్ల నమ్మకం, అందుకే ఆ ఉప్పు మీద అడుగు పెట్టరు. 2020లో ప్రభుత్వం ఆ పేరునే అధికారికం చేసింది. ఆ వార్త చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది, వెంటనే మన గండిపేట గుర్తొచ్చింది. 1908 మూసీ వరద తర్వాత కట్టి, 1920లో పూర్తిచేసిన ఆ చెరువు కాగితాల్లో ఉస్మాన్ సాగర్. జనం నోట మాత్రం పక్క ఊరి పేరే నిలిచింది.

ఇప్పుడు ఆ గండిపేట దగ్గరి కోకాపేట భూముల మీద నియోపోలిస్ అనే కొత్త పేరుతో బోర్డులు లేచాయి. ఆ చుట్టుపక్కల ఒక్కో కుంటనూ ఒక్కో గుట్టనూ ఏమని పిలిచేవాళ్లో మంచిరేవుల, పుప్పాలగూడ పెద్దలకు తెలుసు. వాళ్లుండగానే అడిగి రాసుకోండి.