నడుం వాల్చడానికి ఎంత?

రేపల్లె నుంచి రాత్రిపూట హైదరాబాద్ వెళ్లే రైలుని మా వైపు ఇప్పటికీ డెల్టా పాసింజర్ అనే అంటారు, కాగితాల్లో అది ఎప్పుడో ఎక్స్‌ప్రెస్ అయిపోయినా. తెనాలిలో ఎక్కి, స్లీపర్ బెర్తు మీద దుప్పటి పరుచుకుని, సంచీ తలకింద పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి ఊరొస్తుంది. కాళ్లు చాపుకుని పడుకోవడం అక్కడ విలాసం కాదు. కొన్ని వందల రూపాయల టికెట్‌లో కలిసి వచ్చే సంగతి. అదే మనిషి శంషాబాద్‌లో విమానం ఎక్కి అమెరికా వెళ్లాలంటే, అంతే పొడుగు పడకకి మామూలు టికెట్ మీద మూడు రెట్లు, నాలుగు రెట్లు, ఒక్కోసారి అయిదు రెట్లు అడుగుతారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ఇది ఇప్పుడు చాలా ఇళ్లల్లో నడిచే లెక్క. కూతురి పురుడనో, మనవణ్ణి చూసుకోవాలనో అరవై డెబ్బై ఏళ్లవాళ్లు ఆరేసి నెలల కోసం సముద్రాలు దాటుతున్నారు. టికెట్ కొనేది అక్కడున్న పిల్లలు. "అమ్మకి బిజినెస్ క్లాస్ తీద్దామా" అని అక్కడ ప్రశ్న. "కూచుని పోయేదానికి లక్షలు పోస్తారటే ఎవరన్నా? ఆ డబ్బులేవో బాంకులో వేసుకోండి" అని ఇక్కణ్ణుంచి జవాబు. ఈ ఇద్దరిలో ఎవరి లెక్క సరైనదో తేల్చాలంటే, పడకకి అంత ధర ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. ఆ కథ విమానాలతో మొదలవలేదు.

*

రైలు రాకముందు డెల్టాలో కొమ్మమూరు కాలవ మీద పడవలు తిరిగేవి. తెనాలి, బాపట్ల మీదుగా బెజవాడ–మద్రాసు లైను 1899లో పూర్తయింది. రేపల్లె బ్రాంచి లైను 1916లో వచ్చింది. రైలుతో పాటే ఫస్టు, సెకండు, ఇంటరు, థర్డు అనే మాటలూ వచ్చాయి. మనిషి తరగతి టికెట్ మీద అచ్చయింది. ఎక్కేవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా థర్డ్ క్లాసువాళ్లే. ప్రయాణికుల వల్ల కంపెనీలకి వచ్చే ఆదాయంలో సింహభాగం వాళ్ల చిల్లర డబ్బులే. సౌకర్యాలు మాత్రం తక్కినవాళ్లకి.

రేపల్లెకి రైలొచ్చిన మరుసటి ఏడు, 1917 సెప్టెంబరు 12న, గాంధీ బొంబాయిలో మద్రాసు మెయిలుకి థర్డ్ క్లాస్ టికెట్ కొన్నారు. 13 రూపాయల 9 అణాలు. ఆ ప్రయాణం గురించి ఆ నెలలోనే రాశారు. 22 మందికి అని రాసున్న పెట్టె. కూచోవడానికే చోటు, పడుకోవడానికి బల్లలు లేవు. మద్రాసు చేరేలోపు రెండు రాత్రులు గడవాలి. రాయచూరు దాటాక జనం ఒత్తిడి భరించలేనంత అయిందట. ఆ వ్యాసంలో అన్నిటికంటే పదునైనది ఒక లెక్క. ఫస్టు క్లాసు ఛార్జీ థర్డు మీద అయిదు రెట్లకు పైగా ఉంది కదా, మరి థర్డు క్లాసువాడికి కనీసం ఫస్టు సుఖంలో అయిదో వంతయినా అందుతోందా, పదో వంతయినా అందుతోందా అని ఆయన అడిగారు. పై తరగతి మీద ఆయన కోపం సుఖం ఉన్నందుకు కాదు. కట్టిన డబ్బుకి తగినంత కింద కూడా ఇవ్వనందుకు.

ఎందుకు ఇవ్వరు? దీనికి జవాబు గాంధీకి దాదాపు డెబ్బయ్యేళ్ల ముందే, 1849లో, ఫ్రాన్సులో జ్యూల్ డ్యుప్యుయి అనే ఇంజనీరు చెప్పాడు. అక్కడ థర్డు క్లాసు పెట్టెలకి పైకప్పు ఉండేది కాదు. కప్పు వెయ్యడానికి డబ్బుల్లేక కాదని ఆయన గమనించాడు. కప్పు వేస్తే సెకండు క్లాసు కొనగలిగినవాడు కూడా థర్డులో కూచుంటాడు. కింద కష్టం ఉంటేనే పైది అమ్ముడవుతుంది. పేదవాణ్ణి బాధపెట్టాలని ఎవరికీ లేదు, ఉన్నవాణ్ణి భయపెట్టాలని మాత్రం ఉంది. ఆ దారిలో దెబ్బ పేదవాడికి తగులుతుంది.

సముద్రం మీద కూడా ఇదే కథ. కోస్తా నుంచి, ముఖ్యంగా ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి, రంగూన్ వెళ్లిన వేలాది కూలీలు డెక్ పాసింజర్లు. ఆకాశం కింద, ఓడ బల్లల మీద ప్రయాణం. గదులు పైవాళ్లవి. ఇంగ్లీషులో 'పాష్' అనే మాట కూడా ఇండియా ఓడల్లో ఎండ పడని వైపు గదుల నుంచి పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. నిఘంటువులు చేసేవాళ్లు వెతికితే ఆధారం దొరకలేదు. కానీ అందరూ ఇట్టే నమ్మేశారంటే, నీడకి ధర ఉంటుందన్నది అందరికీ తెలిసిన విషయమే కాబట్టి. ఆ రోజుల్లో పెద్ద చదువుకి బయటి దేశం వెళ్లాలన్నా ఓడే దిక్కు. 1914లో డబ్లిన్‌కి బారిస్టరు చదువుకి వెళ్లి, తర్వాత తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి వెళ్లిందీ ఆ నీళ్ల దారినే.

*

ఎయిర్ ఇండియా 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కి తొలి విమానం నడిపింది. 1960లో న్యూయార్క్ చేరింది. అప్పటికి విమానయానమే ఒక పై తరగతి. దాన్ని మధ్యతరగతికి అందించాలని 1958లో అట్లాంటిక్ మీద ఎకానమీ క్లాస్ మొదలుపెట్టారు. అందులో భోజనం పెట్టకూడదు, సాండ్‌విచ్‌లే పెట్టాలని విమాన సంస్థలన్నీ కలిసి నియమం పెట్టుకున్నాయి. స్కాండినేవియన్ సంస్థ ఎస్.ఎ.ఎస్. ఆ సాండ్‌విచ్‌ల మీదే మాంసం, చేప, కూరలు దండిగా పేర్చి పెట్టేసరికి పోటీదార్లు గోలపెట్టారు. చివరికి 20,000 డాలర్ల జరిమానా పడింది. కింద కూచున్నవాడికి బాగా వడ్డించినందుకు శిక్ష! డ్యుప్యుయి చెప్పిన కప్పు లేని పెట్టె ఇక్కడ మళ్లీ ఎగిరింది.

1970ల చివర చవక టికెట్లు పెరిగాయి. పూర్తి ధర కట్టిన ఆఫీసు ప్రయాణికులు, చవగ్గా వచ్చినవాళ్ల పక్కనే కూచోవడమేంటని గొణిగారు. అలా 1978–79ల్లో బిజినెస్ క్లాస్ పుట్టింది. అప్పటికి అది కాస్త వెడల్పు కుర్చీ మాత్రమే. పూర్తిగా చదునుగా పరుచుకునే పడకని బ్రిటిష్ ఎయిర్‌వేస్ 1990ల నడుమ ఫస్టు క్లాసులో, 2000లో బిజినెస్‌లో పెట్టింది. అక్కణ్ణుంచి ఈ తరగతిలో అమ్మే అసలు సరుకు పడకే. వెండి చెంచాలూ పళ్లరసాలూ దాని చుట్టూ కట్టిన రంగు కాయితం.

మన రైళ్లు సరిగ్గా దీనికి ఎదురు దారిలో నడిచాయి. 1950లలో థర్డు క్లాసులోకి స్లీపర్ పెట్టెలు రావడం మొదలైంది. 1974లో థర్డ్ క్లాస్ అనే పేరే తీసేశారు. 1977–79లో రైల్వే మంత్రిగా ఉన్న మధు దండవతే సెకండు క్లాసు చెక్క బల్లల మీద రెండంగుళాల స్పాంజి వేయించారు. పైదాన్ని అమ్ముకోవడానికి కిందిదాన్ని గట్టిగా ఉంచాలన్న పాత సూత్రాన్ని ఆ రెండంగుళాలు కాదన్నాయి. మా డెల్టా ప్రయాణికుడు ఇవాళ మెత్తగా నడుం వాలుస్తున్నాడంటే అది అతను కొనుక్కున్న అప్‌గ్రేడ్ కాదు. అందరికీ కలిపి జరిగిన అప్‌గ్రేడ్.

*

అలాంటిది విమానంలో జరిగే సూచన లేదు. కాబట్టి ఎవరికి వాళ్లు కొనుక్కోవాల్సిందే. ఎప్పుడు?

ముందు ఒక మాట. మన వైపువాళ్ల ప్రయాణం శంషాబాద్‌లో మొదలవదు. రేపల్లె నుంచి అక్కడికి ఆరేడు గంటల రోడ్డు. విమానం ఏ అర్ధరాత్రో తెల్లవారుజామునో. అంటే విమానం ఎక్కేసరికే ఒంటికి ఒక రాత్రి నిద్ర బాకీ. తర్వాత గల్ఫ్ దాకా నాలుగు గంటలు. కడప నుంచి, కోనసీమ నుంచి పనికి వెళ్లే ఆడవాళ్లు ఆ విమానంలోనే పక్క సీట్లలో ఉంటారు. అక్కణ్ణుంచి డాలస్‌కి దాదాపు పదహారు గంటలు. డబ్బు పెడితే ఈ రెండోదాని మీదే పెట్టాలి. మొదటి నాలుగు గంటలకి పెట్టేది ఎక్కువగా దర్జా కోసమే. అప్‌గ్రేడ్‌ని ఒక్క అంచెకే ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. అడగాలి.

రెండోది, తేడా డబ్బుని ప్రయాణపు గంటలతో కాదు, నిద్రపోగలిగే గంటలతో భాగించి చూడాలి. పగటి విమానంలో పడక దండగ. రాత్రిదైతే ఆరేడు గంటల నిద్ర దొరకొచ్చు. ఆ నిద్ర ఎవరికి కావాలి? దిగిన మర్నాడే ఆఫీసుకి పోవాల్సిన కొడుక్కా, దిగాక వారం రోజులు పడుకున్నా అడిగేవాళ్లు లేని అమ్మకా? మామూలుగా కొడుక్కే అనిపిస్తుంది. కానీ మోకాళ్లు అరిగింది అమ్మకి. వీల్‌చైర్ ఉచితంగానే ఇస్తారు, అది విమానం తలుపు దాకానే తీసుకెళ్తుంది. లోపల వరసకీ వరసకీ మధ్య ముప్ఫయి ఒకటో, ముప్ఫయి రెండో అంగుళాల్లో పదహారు గంటలు ఆమెవే.

మూడోది, భయంతో కొనకూడదు. కదలకుండా కూచుంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుందని అందరూ అంటారు. నిజమే. నాలుగు గంటలు దాటిన ప్రయాణంతో ఆ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. కానీ ఆరోగ్యవంతుల్లో అది ఆరు వేల మందిలో ఒకరికి. కారణం కదలకపోవడం, ఎకానమీ అనే పేరు కాదు. కిటికీ పక్క కాకుండా నడవ పక్క సీటు, మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు, ముందే గుండె జబ్బో పాత గడ్డో ఉంటే డాక్టరు సలహా. ఇవి అప్‌గ్రేడ్ కంటే ముందు చెయ్యాల్సిన పనులు.

నాలుగోది, కొనేది పడకేనా అని చూసుకోవాలి. ప్రీమియం ఎకానమీలో కాళ్లకి కాస్త ఎక్కువ చోటు దొరుకుతుంది, పడక దొరకదు. కొన్ని పాత విమానాల బిజినెస్ సీట్లు ఏటవాలుగా జారతాయి తప్ప చదును కావు. విమానం రకం, సీటు పటం చూశాకే డబ్బు. వేలం పాటలా బిడ్ వెయ్యమని మెయిల్ వస్తే, ఒక హద్దు ముందే గీసుకుని వెయ్యాలి. బాగా చవక టికెట్ల మీద కొన్నిసార్లు అప్‌గ్రేడే కుదరదు, ఆ సంగతి కొనేముందే చదువుకోవాలి.

చివరిది అన్నిటికంటే పెద్దది. ఈ వైపు ఇళ్లల్లో చాలాసార్లు అమ్మ ఒక్కతే వెళ్తుంది. నాన్న చేను, గేదెలు చూసుకుంటూ ఉండిపోతాడు. ఒక్క బిజినెస్ టికెట్ డబ్బుతో ఇద్దరూ ఎకానమీలో వెళ్లి రావచ్చు. భాష రాని విమానాశ్రయంలో గేటు మారిపోతే, చదును పడక ఆ కంగారు తీర్చదు. పక్కన మనిషుంటే తీరుస్తుంది. "మీ నాన్న కూడా వస్తే బావుణ్ణు" అని అమ్మ పైకి అనదు. బాంకులో వేసుకోండి అంటుంది. ఇలాంటి ఇళ్లల్లో డబ్బు గురించి అనే మాటకీ అనని మాటకీ మధ్య ఎంత దూరం ఉంటుందో, తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుని చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి అమ్మ లెక్క తప్పు కాదు. ఆ ధర మీద ఆమె అనుమానం న్యాయమైనదే, అది పడక తయారీ ఖర్చుని బట్టి మాత్రమే కట్టిన ధర కాదు, కింది కష్టం మీద కట్టిన ధర. పిల్లల లెక్కా తప్పు కాదు, ఆ కష్టం మోసేది అమ్మ నడుమే. తేడా వచ్చేది సిగ్గు దగ్గర. "అంత సంపాదించి అమ్మని ఎకానమీలో తెచ్చాడు" అని అట్లాంటాలోనో, అమృతలూరులోనో ఎవరో అంటారని కొంటే, ఆ డబ్బు పడకకి కాదు, ఆ నోళ్లకి వెళ్లినట్టు. రాత్రి ఉందా, పదేళ్లుగా నొప్పెడుతున్న మోకాలుందా, పక్కన ఎవరూ లేరా అని చూసి కొంటే, అది పడక ఖర్చే. కొనాలో వద్దో తేల్చేముందు అమ్మని ఒకటి అడగొచ్చు, బిజినెస్సా ఎకానమీనా అని కాదు, ఒక్కదానివే వస్తావా, నాన్నతో వస్తావా అని.